మిర్చి మీద పగబట్టిన సాఫ్ట్‌వేర్

నా జీవితంలో నేను వేసిన మొదటి రోడ్డు గ్రామ సచివాలయం గోడ మీద రెండు నిమిషాలు నిలిచింది. ఆ కాస్త సేపట్లో ఊరంతా నాకు శత్రువైంది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు అలవాటే.

అప్పుడు మంగళగిరిలో రోడ్ల డిజైన్ ఆఫీసులో పని. ప్రకాశం వైపు ఒక ఊళ్లో రోడ్డు వెడల్పు చేయాలి. ఇళ్ల ముందు కాస్త జాగా వదలమని ఊరివాళ్లను బతిమాలేసరికి మా బాసు శేషగిరిరావు గారి చెప్పులు అరిగాయి. ఇక కాబోయే రోడ్డును వీడియోలో చూపించి సంతకాలు పెట్టించుకోవడమే మిగిలింది.

సరిగ్గా ఆ వీడియో చూపించే ముందురోజు నాకు అభ్యుదయం పుట్టింది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాను. తీసేసిన సదుపాయాల జాబితా చాంతాడంత చూపించింది. శుభలేఖలో బంధుమిత్రుల పేర్లు ఎవరు చదువుతారు చెప్పండి? నేనూ చదవలేదు. పాత ఫైలు తెరిస్తే, “కొన్ని భాగాలు ఇందులో లేవు. వదిలేసి కొనసాగాలా?” అని మర్యాదగా అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదనడం మా ఇంట్లో నేర్పలేదు. సరే అన్నాను.

అది వదిలేసింది రోడ్డు మార్జిన్లను. తారుకు రెండు పక్కలా ఉండే జాగా అన్నమాట. పాత వెర్షన్‌లో రెడీమేడ్‌గా దొరికేది, కొత్తదాంట్లో మనమే తయారుచేసుకోవాలట. మిగతా లోకానికి మార్జిన్ అంటే బండి ఆపుకునే చోటు. ఇక్కడ మిరపకాయలు ఆరబోసుకునే కల్లం. ఆరబోయొద్దని అధికారులు బోర్డు పెడితే, బోర్డు చుట్టూ కూడా ఆరబోస్తారు.

మర్నాడు సచివాలయం గోడ మీద వీడియో మొదలైంది. తారు అయిపోయిన చోటే కాలవ!

ముందు వరసలో కోటయ్య అనే రైతు లేచాడు. “ఏమయ్యా ఇంజనీరూ, మార్జిన్ ఏదీ?”

“ఉంటుందండీ... కనపడట్లేదంతే.”

“కనపడని మార్జిన్లో కాయ ఎట్టా ఆరబోయాల?”

వెనక నుంచి మిర్చి రైతు అంజమ్మ అందుకుంది. “అర్థం కాలా బాబాయ్? వద్దని బోర్డులు పెట్టారు, మనం వినలా. ఇప్పుడు మార్జినే లేపేశారు!”

అప్పుడు నేను నిజం చెప్పాను. పరిస్థితి అంతటితో మెరుగుపడలేదు.

“తీసేసింది మేం కాదండీ, సాఫ్ట్‌వేర్!”

“దానికి మా మిర్చి మీద పగేందయ్యా?” అన్నాడు కోటయ్య.

“పగ కాదండీ, కొత్త వెర్షన్...”

“కొత్తదంటే ఉన్నది పీకేయటమా?” అంది అంజమ్మ. “ఇయ్యాల మార్జిన్ పీకింది, రేపు మా ఇళ్లు పీకదని ఏంది నమ్మకం? సంతకాల్లేవు, ఏం లేవు. పదండి!”

కుర్చీలు కదిలాయి. శేషగిరిరావు గారు గుమ్మానికి అడ్డం పడ్డారు. “ఆగండమ్మా! పాతది తీసేసింది పెద్దది వేయడానికే! సిమెంటు మార్జిన్, రెట్టింపు వెడల్పు. మీ కాయ కోసమే! మావాడు ఇంకా గీయలేదంతే.”

“సిమెంటా?” కోటయ్య కూర్చున్నాడు. “కాయకి మట్టి అంటదు.”

సంతకాలు పడ్డాయి. ఆరబోయడం నిషేధించినవాళ్లే అంత కల్లం మంజూరు చేసి, రైతుహితమైన డిజైన్ అని మా బాసుకు శాలువా కప్పారు.

మొన్న ఆ దారిన వెళ్తుంటే టైరు పంక్చరైంది. మార్జిన్ పొడుగునా ఎర్రటి కాయ. కాస్త జరిపితే కారు పక్కకు పెట్టుకుంటానన్నాను.

“బండ్లకి కాదబ్బాయ్, కాయకేనని మీ సారే గదా చెప్పింది!” అంది అంజమ్మ. “అయినా ఇది గీసిన ఇంజనీరువి నీకు తెలవదా?”

నడిరోడ్డు మీద జాకీతో కారు ఎత్తుతూ, తుమ్ముతూ, ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో కొత్త వెర్షన్ వేయను. వేయక తప్పకపోతే, ముందు అంజమ్మ గారి అనుమతి తీసుకుంటాను.