ఎల్డన్ క్రౌలీ సగం బోనులు

పొద్దున్నే ఎల్డన్ క్రౌలీ పడవ రేవు దాటిందంటే మిగతావాళ్ళు గడియారం చూసుకోనక్కర్లేదు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం తూర్పు కొసన, చలిగాలి ముఖాన్ని చెక్కేసే ఆ తీరంలో, మా రేవు పెద్దదేమీ కాదు. అయినా లాబ్‌స్టర్లు, అంటే పెద్ద డెక్కల సముద్రపు రొయ్యలు, కొనే వ్యాపారులు ముందు మా రేవుకే వస్తారు, వచ్చినవాళ్ళు ముందు ఎల్డన్ పడవ ఎక్కడుందో చూస్తారు. ఏటేటా అందరికన్నా ఎక్కువ సరుకు ఒడ్డుకు చేర్చేవాడు అతనే. ఇది పొగడ్త కాదు. అతనంటే గిట్టని హార్లన్ బీల్‌ని అడిగినా, కాస్త మొహం చిట్లించుకుని, ఇదే చెబుతాడు.

ఎల్డన్ ఊరి బడిలో ఎనిమిది దాకా చదివాడు. తొమ్మిదో తరగతి పుస్తకాలకని తండ్రి ఇచ్చిన డబ్బుతో లాబ్‌స్టర్లు పట్టే పాత బోనులు కొనుక్కున్నాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే తండ్రితో కలిసి దేవదారు పలకలతో సొంత పడవ కట్టాడు. ఆ పడవ ఈనాటికీ చుక్క నీరు కారదు. పెళ్ళయ్యాక దానికి భార్య పేరు పెట్టాడు, వీడా జీన్ అని. వేసవి పడవ పందేల్లో వరసగా మూడేళ్ళు అదే గెలిచింది. నాలుగో ఏడు ఓడిపోయింది గాని, ఆ ఏడు ఇంజనులో ఏదో ఇరుక్కుంది, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నవంబరు తుపానులో పక్క రేవు వాళ్ళిద్దరు బోల్తాపడిన పడవ పట్టుకుని నీళ్ళలో వేలాడుతుంటే, తీర రక్షక దళం బయలుదేరే లోపలే ఎల్డన్ వెళ్ళి వాళ్ళని ఎక్కించుకొచ్చాడు. ఒడ్డుకొచ్చాక, తన కొత్త తాడు నీళ్ళలో వదిలేశారని ఆ ఇద్దర్నీ తిట్టాడు కూడా.

ఇన్ని చేసిన మనిషికి ఒక పట్టింపు ఉంది. రాబోయే కాలంలో సముద్రం ఎంత ఇస్తుందో నోటితో అనడు. నిజానికి మా రేవులో ఎవరూ అనరు. పడినదాని గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు, గొప్పలు పోవచ్చు. పడబోయేదాని మాట ఎత్తకూడదు. ఎల్డన్ తండ్రి ఆల్టన్ ఒక్కసారి ఎత్తాడు. ఒక వసంతంలో ఎర అమ్మే పాక దగ్గర నలుగురిలో నిలబడి, ఈ ఏడు కొత్త ఇంజనుకి సరిపడా పడుతుందన్నాడు. ఆ వేసవి లాబ్‌స్టర్లు లోతు వదిలి పైకి రానేలేదు. సెప్టెంబరులో పాత ఇంజను కూడా చచ్చింది. మాట వల్ల అయిందా, నీళ్ళు చల్లగా ఉండడం వల్ల అయిందా అన్నది ఎవరూ తేల్చలేదు. తేల్చకపోయినా, క్రౌలీల ఇంట్లో ఆ తర్వాత ఎవరూ అలాంటి మాట అనలేదు. వంటింటికి ఈ ఏడు రంగు వేయిద్దామా అని వసంతంలో వీడా అడిగితే, ఎల్డన్ మబ్బు చూసొస్తానని బయటికి పోయేవాడు.

ఈ సంగతి జరిగిన శీతాకాలం అతనికి అరవై రెండు. బోను పైకి లాగేటప్పుడు ఆయాసం మొదలైంది. మొదట తాడు బరువనుకున్నాడు, తర్వాత బూట్లు బరువనుకున్నాడు. చివరికి వీడా పోరగా పోరగా పట్నం వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నాడు. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదని, వసంతం దాటకుండా మార్చాలని, మార్చాక వేసవి సగందాకా బోను ముట్టుకోకూడదని డాక్టరు చెప్పింది.

అంతదాకా ఇంట్లో ఆరోగ్య బీమా వీడా ఉద్యోగం పుణ్యమే. ఆమె బడి వంటశాలలో వండేది, ఆ బీమా మొగుడికీ పనికొచ్చేది. అరవై అయిదు నిండి ఆమె డిసెంబరులో పని మానేసింది. ఆమెకి ప్రభుత్వ వృద్ధుల బీమా వచ్చింది. ఎల్డన్‌కి ఆ వయసు రావాలంటే ఇంకా మూడేళ్ళు. బీమా లేకుండా ఆ ఆపరేషన్ చేయించుకోవాలంటే వీడా జీన్‌ని అమ్మాలి. అమ్మకపోతే ఆపరేషన్ లేదు. ఆ రెండింటికీ మధ్య ఉన్నది ఒక్కటే, రాష్ట్రం నడిపే బీమా అంగడి. కంపెనీలన్నీ తమ పాలసీలు అక్కడ వరసగా పెడతాయి. మనిషి రాబడిని బట్టి నెలనెలా కట్టాల్సిన ప్రీమియంలో కొంత ప్రభుత్వం భరిస్తుంది. చేరడానికి గడువు జనవరి పదిహేను.

ఊళ్ళో అందుకు సాయపడే మనిషి రొవీనా. తీరపు బురదలో ఆల్చిప్పలు తవ్వి బతికిన ఇంటి పిల్ల, ఎల్డన్‌కి వరసకు తమ్ముడి కూతురు. బీమాలో చేర్పించే పని నేర్చుకుని, శనివారం శనివారం చర్చి కింది గదిలో ఊరంతా కలిసి తినే చోట ఒక మూల బల్ల వేసుకుని కూర్చునేది. ఆ భోజనంలో చిక్కుడుగింజలు బెల్లపు పాకంలో రోజంతా మగ్గి ఉంటాయి, పక్కన నల్ల రొట్టె, చివర పండ్లు పెట్టి కాల్చిన ‘పై’. అక్కడికి రాని మనిషి లేడు కాబట్టి అక్కడ చేయని పనీ లేదు.

గడువుకి వారం ముందు శనివారం ఎల్డన్ కంచం పట్టుకునే వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు. రొవీనా పేరు, పుట్టినరోజు రాసుకుంది. తర్వాత, ఈ ఏడాది మొత్తం మీద నీ చేతికి ఎంత మిగులుతుందనుకుంటున్నావని అడిగింది.

ఎల్డన్ చెంచా ఆగిపోయింది.

"పోయినేటిది చెప్తాను, రాసుకో," అన్నాడు. పోయినేడు అతని బతుకులోకెల్లా గొప్ప ఏడు. ధర ఎప్పుడూ లేనంత పలికింది, బోనులు నిండుగా లేచాయి. ఇంధనం, ఎర, తోడు మనిషి కూలి పోగా మిగిలినది అతను కాస్త గట్టిగానే చెప్పాడు, పక్క బల్ల మీద హార్లన్‌కి వినపడేలా. హార్లన్ రొట్టెకి వెన్న రాయడం ఆపలేదు గాని అతని చెవులు ఎర్రబడ్డాయి.

రొవీనా ఆ లెక్క కంప్యూటర్లో కొట్టి తెర అతని వైపుకి తిప్పింది. నెలకు కట్టాల్సింది చూసి ఎల్డన్ కంచం పక్కకి జరిపాడు. కొత్త ఇంజనుకి కట్టే వాయిదాకన్నా ఎక్కువ అది.

"పెదనాన్నా, పోయినేడు వాళ్ళకెందుకు? ముందుకి ఎంతో చెప్పమంటున్నారు. ఆపరేషన్ అయ్యాక సగం వేసవి నువ్వు ఒడ్డునే ఉంటావు కదా. తక్కువే వస్తుంది. ఆ తక్కువ ఎంతో అనుకుని చెప్పు, కట్టేది కూడా తగ్గుతుంది. తర్వాత ఎక్కువొస్తే నాకు చెప్పు, సరిచేసుకుందాం. ఇందులో తప్పేం లేదు."

"నేను అనను."

"ఊరికే ఒక అంచనా..."

"తక్కువ పడుతుందని నా నోటితో నేను అనాలా, రొవీనా? ఇంతమందిలో?"

పక్క బల్ల నించి హార్లన్ అందుకున్నాడు. "అననీలేమ్మా. వీడు ఒడ్డున కూర్చుంటే ఆల్టన్ మిట్ట మీద నా బోనులు చక్కగా సర్దుకుంటాయి."

నీళ్ళలో మునిగి ఉండే రాతిమిట్ట అది. ఎల్డన్ తండ్రి పేరుతోనే పిలుస్తారు. చట్టంలో ఎక్కడా రాసి లేదు గాని, దాని మీద బోనులు దించేది క్రౌలీలే. అయితే ఏటేటా దించాలి. దించకుండా వదిలేసిన చోటికి ఇంకొకడు వస్తాడు, వచ్చినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు. ఎల్డన్ లేచి, కంచం అక్కడే వదిలి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తినకుండా ఆ గదిలోంచి ఎవరైనా వెళ్ళడం అదే మొదటిసారి అని వంటగది ఆడవాళ్ళు అనుకున్నారు.

వీడా అతని వెనకే వచ్చి బండెక్కింది. ఇంటి వాకిట్లో బండి ఆగాక అంది.

"నువ్వు అనకపోతే నీ గుండె సంగతి సముద్రానికి తెలీదనుకుంటున్నావా?"

ఎల్డన్ బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"మీ నాన్న ఆ వేసవి మాట అన్నాడని బాధపడ్డాడో, లాబ్‌స్టర్లు రాలేదని బాధపడ్డాడో నేను ఎప్పుడూ అడగలేదు," అందామె. "నాకు మాత్రం నువ్వు కావాలి. పడవ కూడా నా పేరే, అది పోయినా నాకు కష్టమే. ఇంతకన్నా నేనేం అనను."

అన్నట్టే ఆమె ఆ వారమంతా ఆ మాట ఎత్తలేదు. ఎల్డన్ ఇంటి వెనక పాకలో పొయ్యి రాజేసుకుని కూర్చున్నాడు. శీతాకాలంలో చేసే పని అక్కడే. తెగిన వలలు అల్లడం, బోనుల తలుపులు సరిచేయడం, బోను తాడు కొసకి కట్టే బెండ్లకి రంగు వేయడం. ప్రతి మనిషి బెండ్లకీ ఒక రంగు. నీళ్ళ మీద ఆ రంగు చూసే కింద ఎవరి బోను ఉందో చెప్పేస్తారు. క్రౌలీల రంగు నారింజ, నడుమ తెల్ల పట్టీ. ఎల్డన్ తాత ఏర్పరచిన రంగు అది.

కుంచె పట్టుకుని పనిచేస్తుంటే తల కూడా పనిచేస్తుంది. సముద్రం ఇచ్చేది తన చేతిలో లేదు, కాబట్టి దాని మాట తనకెందుకు. బోను దించేది మాత్రం తనే. ఎన్ని దించాలో ప్రతి శీతాకాలం తనే అనుకుంటాడు, ఆ లెక్కన బోనులకి కట్టే బిళ్ళలు రాష్ట్రం దగ్గర కొనుక్కుంటాడు. చట్టం ఒప్పుకునేది ఎనిమిది వందల బోనులు. ఎల్డన్ ఇన్నేళ్ళలో ఒక్క బిళ్ళ కూడా తగ్గించలేదు. తగ్గించేవాళ్ళు ముసలివాళ్ళు, లేదా తాగుబోతులు, అని అతనే బోలెడుసార్లు అన్నాడు. హార్లన్ వాళ్ళ అన్న ఒకసారి ఆరువందలకి దిగితే, ఎర పాక దగ్గర అందరికన్నా ముందు నవ్వింది ఎల్డనే.

గురువారం మధ్యాహ్నం వీడా భోజనానికి పిలవడానికి పాకలోకి వచ్చింది. రంగేసిన బెండ్లు దూలాలకి వేలాడుతూ ఆరుతున్నాయి. మిగతావి పాత రంగుతోనే, తాళ్ళు చుట్టి, అటక మీద సర్ది ఉన్నాయి. ఆమె కింద వేలాడేవాటిని చూసింది, అటక మీదవాటిని చూసింది. రెండూ ఇంచుమించు సమానం. చేపల పులుసు చల్లారిపోతోందని మాత్రం చెప్పి, అతని చేతికంటిన రంగు తన ఆప్రానుతో తుడిచింది.

గడువు ఆఖరి రోజు కూడా శనివారమే అయింది. గదిలో ఎప్పటికన్నా ఎక్కువ జనం. రొవీనా బల్ల ముందు ఇద్దరుంటే వాళ్ళ పనయ్యేదాకా ఎల్డన్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత కూర్చున్నాడు. అతను వస్తాడని ఆమె అనుకోలేదు. మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టబోయింది.

"అవన్నీ ఉన్నాయి కదమ్మా," అన్నాడు ఎల్డన్. "సముద్రం ఎంత ఇస్తుందో నేను చెప్పను. నేను చేసేది చెప్తాను, విను. ఈ ఏడు నాలుగొందల బోనులే దించుతున్నాను. అవీ ఆగస్టులోనే."

మెల్లగా అనాలనే అనుకున్నాడు. కాని ఇంజను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి ఆ గొంతుకి మెల్లగా అనడం రాదు. దగ్గర బల్లల మీద చెంచాల చప్పుడు ఆగింది. క్రౌలీ సగానికి దిగాడన్న మాట ఆ బల్లల నుంచి ‘పై’ ముక్కలు కోస్తున్న ఆడవాళ్ళ దాకా పోవడం అందరూ చూశారు. ఎల్డన్ మెడ ఎర్రగా కందిపోయింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

రొవీనా తల వంచుకుని లెక్క కట్టింది. పోయినేటి మిగులు, అందులో సగం బోనులు, అందులోనూ ఆగస్టు నించి చివరిదాకా, మళ్ళీ ఖర్చులు. వచ్చిన అంకెను ఆమె కూడా పైకి చదవలేదు. తెర అతని వైపు తిప్పింది.

"చూసి, సరే అనాలి పెదనాన్నా. అది మాత్రం నీ తరఫున నేను చేయకూడదు."

ఎల్డన్ చూశాడు. రాబడి అంకె మీద కన్ను పడీ పడగానే చూపు కిందికి దించాడు. నెలకు కట్టాల్సింది అక్కడ ఉంది. పోయిన శనివారం చూసినదానిలో చిన్న ముక్క. ఫిబ్రవరి ఒకటి నుంచి బీమా మొదలు. అతను తల ఊపాడు. వేలితో తెర మీద ఎక్కడ నొక్కాలో ఆమె చూపిస్తే నొక్కాడు. ఆ వేలు గోటి చుట్టూ నారింజ రంగు ఇంకా వదల్లేదు.

అప్పుడు హార్లన్ లేచి వచ్చాడు. అందరూ ఏదో ఒక మాట కోసం చూశారు. అతను ఎల్డన్ ముందు ఒక కంచం పెట్టాడు, నిండా చిక్కుడుగింజలు, పైన రొట్టె.

"పోయిన వారం వదిలేసి పోయావు, ఇదీ అదే అనుకో," అన్నాడు. "ఒరేయ్, మిగతా నాలుగొందల బోనులూ ఎక్కడ పెడతావు? మా పాకలో చోటు లేదు, ముందే చెప్తున్నా."

"మీ పాకలో పెడితే నీ రంగు వేసుకుంటావని నాకు తెలీదూ," అన్నాడు ఎల్డన్, చెంచా తీసుకుంటూ.

మార్చిలో ఆపరేషన్ అయింది. కవాటం బాగా పనిచేస్తోందని డాక్టరు చెబితే, అది దేవదారుతో చేసినదేనా అని అడిగి నవ్వించాడట. మే, జూన్ నెలల్లో రేవులో అందరూ బయలుదేరుతుంటే అతను అరుగు మీద కూర్చుని ఇంజను చప్పుళ్ళు వినేవాడు. ఏ చప్పుడు ఎవరిదో వీడాకి చెప్పేవాడు. ఆమెకీ తెలుసు గాని చెప్పనిచ్చేది. ఆల్టన్ మిట్ట మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. మూడు నెలలు వదిలేసిన చోటు ఖాళీగా ఉండదని ఇద్దరికీ తెలుసు.

ఆగస్టు మొదట్లో ఒక ప్రశాంతమైన ఉదయం వీడా జీన్ మళ్ళీ కదిలింది. తోడు మనిషి చుక్కాని పట్టుకున్నాడు, ఎల్డన్ ముందు నిలబడ్డాడు. దారి పొడుగునా నీళ్ళ మీద బెండ్లు, అందరి రంగులూ, కిక్కిరిసి ఉన్నాయి. మిట్ట దగ్గరికొచ్చేసరికి పడవ వేగం తగ్గించమని చెయ్యి ఊపాడు.

మిట్ట మీద నీళ్ళు నున్నగా ఉన్నాయి. ఒక్క బెండు లేదు. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎవరో గీత గీసి వదిలేసినట్టు, మిట్ట మేరకు చోటు అలాగే ఉంది. ఆ గీతకి సరిగ్గా అవతల, అడుగు కూడా ఇటు రాకుండా, హార్లన్ పచ్చ బెండ్లు వరసగా తేలుతున్నాయి.

ఎల్డన్ ఆ వరసని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు.

"దొంగ వెధవ," అన్నాడు చివరికి. "ఎంత సరిగ్గా కొలిచాడో చూడు."

మొదటి బోను తనే ఎత్తి పడవ అంచు మీద పెట్టాడు. తోడు మనిషి సాయం పట్టబోతే వద్దన్నాడు. ఈ ఏడు ఎలా ఉంటుందనుకుంటున్నావని ఆ మనిషి అలవాటు తప్పి అడిగేశాడు. ఎల్డన్ అతని వైపు ఒక చూపు చూసి, మబ్బు చూశాడు, బోనుని నీళ్ళలోకి తోశాడు. తాడు గబగబా జారిపోయింది, దాని వెనక నారింజ బెండు దూకి, మునిగి, పైకి తేలింది.