తొండుపల్లి చౌరస్తాలో నా రహస్యం

ఆ రోజుల్లో మా తొండుపల్లిలో ఎవరికి ఏ మంచి జరిగినా, అది జరగకముందే ఫ్లెక్సీ కట్టేవారు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికొచ్చినవాడికి సైతం (ఫలితాల సంగతి దేవుడెరుగు) చౌరస్తాలో నిలువెత్తు శుభాకాంక్షలు వేలాడేవి. నెత్తి మీదుగా విమానాలు పోతుంటే తలెత్తి చూడని మావాళ్ళు, కొత్త ఫ్లెక్సీ కనిపిస్తే మాత్రం బండి ఆపి, అందులో తమ ఫోటో ఉందో లేదో చూసుకునిగానీ కదిలేవారు కాదు. నేనూ ఆ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ తరవాత నేను వెలగబెట్టిన ఘనకార్యానికి నా ఒక్కడి తెలివే కారణమని మీరు అనుకోకూడదు. ఊరికి కూడా అందులో కొంత వాటా ఉంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఎయిర్‌పోర్టులో సామాన్లకు ప్లాస్టిక్ చుట్టే కౌంటర్లో పని. దుబాయ్ పోయే కొడుకు కోసం ఇంటిల్లిపాదీ కలిసి సర్దిన సూట్‌కేసు నా ముందుకొచ్చేసరికే దాని మూలలోంచి ఎర్రటి నూనె కారుతుండేది. అక్కడే నేలమీద పెట్టె తెరిచి, కొత్త అంగీల మీద పారిన మామిడికాయ తొక్కును చూసి తల్లులు కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. చూసీ చూసీ నాకో ఆలోచన వచ్చింది. స్టీలు డబ్బాకు ఒకటి కాదు, రెండు మూతలు. మధ్యలో కుక్కర్ రబ్బరు. పక్కన పాత ట్రంకుపెట్టె కొక్కేలు మూడు. లోపలి మూత దాటి పైకి తన్నిన నూనె రెండు మూతల మధ్యే ఆగిపోతుంది. అమ్మ పట్టుచీర మడతల్లో తొక్కు నింపిన డబ్బాను తలకిందులుగా పెట్టి (అమ్మకు చెప్పలేదు), బావ ట్రాలీ ఆటోలో వేసి, శంషాబాద్ దాకా ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కించి దించాను. చీర మీద ఒక్క మచ్చ పడలేదు. దీనికి పేటెంటు తీసుకుంటానని ఆ మర్నాడే ఉద్యోగం మానేశాను.

మా బాపుకు నామీద చిన్నప్పటినుంచీ ఒకటే ఫిర్యాదు, నేను ఏ పనీ పూర్తి చెయ్యనని. అబద్ధమని అనలేను. ఐటీఐ సగంలో ఆపాను, కోళ్ళ షెడ్డు గోడలు లేచాక ఆపాను, డ్రైవింగు రివర్సు గేరు నేర్చుకోకముందే ఆపాను. అందుకే బాపు గడువు పెట్టాడు. "దసరా దాక చూస్త. గా పేటెంటు అర్జీ నీ పేరు మీద పడ్డదా, మంచిదే. పడకుంటే కార్గో గోదాంల మాట్లాడి పెట్టిన, నోరు మూసుకొని పోవాలె" అన్నాడు. సరేనన్నాను. ఈసారి పూర్తి చేసి చూపించకపోతే నా పేరు మార్చుకుంటానని లోలోపల ఒట్టు కూడా పెట్టుకున్నాను.

అత్తాపూర్‌లో, ఫ్లైఓవర్ పిల్లరు నంబరు గుర్తుపెట్టుకుని వెతుక్కుంటే తప్ప దొరకని ఒక మేడమీద, పేటెంటు మేడమ్ ఆఫీసు ఉండేది. గోదావరి వైపు మనిషి, మాట నిదానం. నా డబ్బాను మూడుసార్లు విప్పి, మూడుసార్లు బిగించి, "బాగుందండీ. నిజంగానే కొత్తగా ఉంది" అన్నారు. జీవితంలో నన్నెవరూ అంత మాట అనలేదు. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మనం దరఖాస్తు వేసేదాకా ఇది బయటివాళ్ళ కంట పడకూడదు. పడితే ఇక కొత్తది అనిపించుకోదు, పేటెంటు రాదు. అర్థమైందాండీ?"

"మస్తు అర్థమైంది మేడమ్" అన్నాను.

ఆవిడ ప్రతి భాగానికీ నంబరు వేసి చక్కని బొమ్మ గీయించి, ఏదైనా తప్పుంటే చెప్పమని నాకు పంపారు. నేను ఆ రహస్యాన్ని ప్రాణంలా కాపాడాను. అక్కకొక్కదానికే, అదీ ఒట్టు వేయించుకుని చెప్పాను. అక్క బావకొక్కడికే ఒట్టు వేయించుకుని చెప్పింది. బావకు టెంట్ హౌస్ ఉంది.

"మేడమ్ కాగితాలు సూస్కుంటది. మార్కెటింగ్ నాకిడిశిపెట్టు బామ్మర్ది" అన్నాడు బావ. "నీ డబ్బ ఎవలు కొనాలె? జనం. జనం యాడుంటరు? చౌరస్తల. బతుకమ్మ మొదలైతున్నది, ఊరు ఊరంత ఆడికే వస్తది. ఫ్లెక్సీ పెడుదాం."

"బయటోళ్ళకు చూపెట్టొద్దన్నది కద బావా మేడమ్?"

బావ నన్ను జాలిగా చూశాడు. "మనూరోళ్ళు బయటోళ్ళా?"

నిజమే కదా అని ఫ్లెక్సీ ఫోటో కోసం తల దువ్వుకున్నాను. (నవ్వకండి. కావాలంటే మీరు మా ఊరొచ్చి, చౌరస్తాలో నిలబడి, మీరంతా బయటివాళ్ళు అని చెప్పి చూడండి.)

శంషాబాద్‌లో ఫ్లెక్సీ కొట్టే అన్న, నా ఫోటో, బాపు దండం పెడుతున్న ఫోటో, బావ నల్లద్దాల ఫోటో అన్నీ అతికించి, "ఇంక జాగ మస్తున్నదన్నా, మ్యాటర్ ఏమన్న ఉంటే ఇయ్యి" అన్నాడు. అతను అడిగాడు కదాని మేడమ్ పంపిన బొమ్మ ఇచ్చేశాను, నంబర్లతో సహా. మేడమ్ వాట్సాప్ ఫోటో కూడా తీసి 'మా మార్గదర్శి' అని పెట్టించాను. అడుగున ఎర్రటి అక్షరాలతో నేనే రాయించిన మాట ఇది: 'ఇది రహస్యం. కాపీ కొట్టువారిపై కఠిన చర్యలు తీసుకోబడును.' అంత జాగ్రత్తపరుణ్ణి.

తొమ్మిది రోజులు ఊరి ఆడవాళ్ళంతా నా డబ్బా కిందనే బతుకమ్మ ఆడారు. సద్దుల బతుకమ్మ మర్నాడు, చివరిసారి డబ్బా చూసి, కాగితాలమీద నా సంతకాలు తీసుకుని దరఖాస్తు వేద్దామని మేడమ్ స్వయంగా వచ్చారు. చౌరస్తాలో నేనే ఎదురెళ్ళాను. కారు దిగినావిడ ముందు తన ఫోటోను చూసుకున్నారు. ఆ తరవాత ఫ్లెక్సీ మొత్తం పైనుంచి కిందిదాకా తీరిగ్గా చదివారు.

"ఇది ఎప్పుడు కట్టారండీ?"

"బతుకమ్మ మొదటి దినం మేడమ్. మస్తు మంది చూసిన్రు" అన్నాను సంబరంగా.

"ఇందులో చూపించని భాగం ఏదైనా ఉందా? చిన్న ముక్కయినా సరే. ఉంటే కనీసం దానికైనా వేద్దాం."

"లేదు మేడమ్. ఒక్కటి గూడ ఇడిశిపెట్టలే."

అన్నాక నాకే వినిపించింది, నేనన్న మాట. జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తిగా చేశాను.

"ఇప్పుడే పీకేస్త మేడమ్" అన్నాను ఏడుపు గొంతుతో.

"చూసిన కళ్ళు పీకలేం కదండీ. ఇంతమంది చూశాక, ఎవరికీ తెలియదని నేను రాసివ్వలేను" అన్నారావిడ. కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. ఇంతలో శంషాబాద్ బజార్లో స్టీలు సామాను అమ్మే చాచా స్కూటరాపి, సంచీలోంచి తళతళలాడే డబ్బా ఒకటి తీశాడు. "దేఖో బేటా, నీ ఫ్లెక్సీ చూసే చేయించిన. రబ్బర్ కరెక్ట్ కూసున్నదా జర చెప్పు. నీ పేరు చెప్పే అమ్ముతున్న, పరేషాన్ గాకు" అన్నాడు ఎంతో ప్రేమగా. ఆయన్ను తిడదామని నోరు తెరిచానుగానీ, కొక్కేలు నావాటికంటే బాగా పడుతున్నాయి. మేడమ్ కూడా బిగించి చూసి నిట్టూర్చారు. "బొమ్మ అంత వివరంగా గీయించింది నేనే లెండి" అన్నారు. కారెక్కుతూ, తన ఫోటో ఒక్కటి తీసేయించమని మాత్రం అడిగారు.

ఆ సాయంత్రం గడ్డివాము వెనక కూర్చుని ఏడ్చాను. దసరా నాడు బాపు చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్ళు మొక్కితే, తిడతాడనుకున్న మనిషి వీపు మీద చెయ్యి వేసి, "గోదాంల ఎన్ని గంటలకు రమ్మన్నరో కనుక్కో బిడ్డా" అన్నాడు. అంతే. నాలుగు రోజుల తరవాత ఫ్లెక్సీని తనే విప్పి, మడతపెట్టి అటకెక్కించాడు.

ఎనిమిదేళ్ళయింది. ఆ గోదాంలోనే ఉన్నాను (మానెయ్యలేదు, బాపు ఈ సంగతి అందరికీ చెబుతాడు). మొన్న వాకిట్లో మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, ఆరబోసి ఉండగా ఉన్నట్టుండి వాన పట్టుకుంది. బాపు ఏదో ప్లాస్టిక్ పట్టా లాక్కొచ్చి కుప్ప మీద పరుస్తుంటే, రెండో కొస పట్టుకుందామని పోయాను. చూస్తే, దాని మీద ఇరవై నాలుగేళ్ళ నేను. తల నున్నగా దువ్వుకుని, పళ్ళన్నీ బయటపెట్టి, ప్రపంచాన్నంతా మూత పెట్టి బిగించేసినవాడిలా నవ్వుతున్నాను. పక్కన వెలిసిపోయిన ఎర్రక్షరాల్లో 'ఇది రహస్యం'. పాపం, పిచ్చోడు, ఎంత నమ్మాడో అనిపించింది.

వాన తగ్గాక బాపు ఒక కొస ఎత్తి, కింద మక్కలను చేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉన్నాయి.

"నీ డబ్బ సంగతి నాకు తెల్వదు గని బిడ్డా, గీ ఫ్లెక్సీలకెంచి మాత్రం ఇయ్యాల్టి దాక ఒక్క చుక్క కారలే" అన్నాడు.