ఎవరి పేరు పెట్టి చదవాలి

మేనకోడలి పెళ్లికి మా తమ్ముడు నన్ను బొట్టు పెట్టి పిలవలేదు. సొంత మేనత్తనైన నాకు ఫోన్లో శుభలేఖ పంపి ఊరుకున్నాడు. ఆ పెళ్లికి వెళ్లేది లేదని భీష్మించుకున్న రోజుల్లో, అద్దంకి నుంచి గుంటూరు వెళ్లే బస్సులో పక్కసీటావిడతో ఈ సంగతంతా చెప్పాను. దారి పక్క మిరప కళ్లాల ఘాటుకు తెల్లచీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆవిడ బైబిలు చదువుకుంటోంది.

“నేనూ రోజూ పారాయణం చేస్తానండి. కోపం, అహంకారం అని వచ్చిన ప్రతిచోటా మా తమ్ముడే కనిపిస్తాడు” అన్నాను.

ఆవిడ నవ్వింది. “మా చర్చిలో అలాంటి మాట వచ్చినచోట ఎవరి పేరు వాళ్లు పెట్టుకుని చదవమంటారమ్మా. నేనేమో చాన్నాళ్లు మా తోడికోడలి పేరు పెట్టి చదివాను. భలే సాగేది.”

“ఇప్పుడో?”

“నా పేరు పెట్టుకున్నాక ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను.”

ముక్కూమొహం తెలియని మనిషి నన్ను అంత మాట అంటుందా అని, గుంటూరు దాకా మళ్లీ పలకరించలేదు.

పెళ్లికి ముందురోజు పారాయణానికి కూర్చుని, కోపం గురించిన శ్లోకంలో నా పేరు పెట్టి చదివాను. మింగుడు పడలేదు. మళ్లీ చదివాను. తర్వాత పుస్తకం మూసి, పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చి రమ్మని మా ఆయనతో చెప్పాను.