కాటా మీద కూతురు

మిర్చి బస్తాలు తూచే మా కాటా పక్కన షెడ్డు నడిపిన మెకానిక్ మావాడని చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వం. అతని కూతురికి మూర్ఛ జబ్బు. బరువును బట్టి మందు మారుతుందని నెలనెలా ఆ పిల్లను మా కాటా మీద నిలబెట్టేవాడు. "కిలో పెరిగింది మామా" అని మురిసిపోతూ డాక్టరుకు ఫోన్ చేసేవాడు.

ఒకరోజు గురజాలలో ఆ పిల్లకి ఎప్పుడూ వాడే సిరప్ దొరక్క వేరే సీసా తెచ్చారు. షెడ్డులో నా ముందే భార్య ఎప్పటిలాగే సిరంజిలోకి ఐదు ఎంఎల్ తీస్తుంటే, సీసా మీద రాసింది చదువుతున్నవాడల్లా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవే. దీంట్లో అదే ఐదు ఎంఎల్‌కి మిల్లీగ్రాములు రెండింతలున్నై. పాత కొలతే పోస్తే బిడ్డకి డబులు పోద్ది."

ఫోన్ చేస్తే డాక్టరు కూడా సగమే పొయ్యమన్నాడు.

"ఇదంతా ఎవరు నేర్పార్రా?" అన్నాను.

గ్రీజు చేతులు తుడుచుకుని తలెత్తాడు. "బిడ్డ నోట్లో పోసేది మామా. నేను చదవకపోతే ఎట్టా?"