బేసి అంకెలు లేని నోట్‌బుక్

మా డాక్టరమ్మ పోయారని మొన్న సోమవారం పొద్దున కాలనీ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. దుఃఖం పట్టలేక కాదు. ఆ గ్రూపులో వచ్చేవి నేను మామూలుగానే నమ్మను. కిందటి నెలలో ఎవరో సుబ్బరంగా బతికున్న నటుడి ఫొటోకి దండ వేసి పెట్టారు. అందుకని క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఎత్తిన సిస్టర్ మాట్లాడలేక ఏడ్చింది. అయినా బయల్దేరి వెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, చీరల షాపు పైన ఉంటుంది ఆ క్లినిక్. షట్టర్ సగం దించి ఉంది. ఇద్దరు నిండు గర్భిణులు ఇప్పుడెక్కడికి పోవాలో తెలియక మెట్ల మీద కూర్చున్నారు. అది చూశాక ఒప్పుకున్నాను. గుండెపోటట. పొద్దున కాఫీ కలుపుకుంటూ వంటింట్లోనే కూలిపోయారట.

పోయినవాళ్ళ గురించి రాస్తే అందరూ దేవతలైపోతారు. అలాంటివి చదివినప్పుడల్లా వీళ్ళేదో దాస్తున్నారని నాకు అనుమానం. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆమె దేవత కాదు, నోరు కూడా అంత మంచిది కాదు. ఆమె దగ్గరికి వెళ్ళిన మొదటి నెలల్లో ఆమె చెప్పిన ఒక్క మాటా నేను నమ్మలేదు. నేను చెప్పింది ఆమె నమ్మలేదు. ఆ ఒక్క విషయంలో మాకిద్దరికీ బాగా కుదిరింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెబుతాను. వారం వారం టెస్టుల్లో కాపీ కొట్టేవాళ్ళను పట్టుకోవడం కూడా నా పనే. ఒకే తప్పు రెండు పేపర్లలో కనిపిస్తే చాలు, ఎవరు ఎవరిది చూశారో చెప్పేస్తాను. అనుమానం నాకు జీతమిచ్చి మరీ నేర్పిన విద్య. దానికి తోడు నా మొదటి కడుపు ఏడో నెలలో పోయింది. అప్పుడు చూపించుకున్నది వేరే చోట. వెళ్ళిన ప్రతిసారీ అంతా నార్మల్ అన్నారు. ఆఖరికి బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, నేను కళ్ళు తెరిచేసరికి బిడ్డ లేదు. ఆ తర్వాత తెల్లకోటు కనబడితే చాలు, దాని వెనక ఏముందో అని చూసేదాన్ని.

రెండోసారి నిలిచినప్పుడు మా సెంటర్‌లో పనిచేసే ఒకామె ఈ డాక్టరమ్మ దగ్గరికి పంపింది. కష్టమైన కాన్పులు మాత్రమే చూస్తారని చెప్పింది. బీపీ వాళ్ళు, షుగర్ వాళ్ళు, కవలలు, నాలాగా ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళు, అందరూ ఆ ఇరుకు హాల్లోనే. డాక్టరమ్మది కృష్ణా జిల్లా వైపు. ముప్పై ఏళ్ళు ఇక్కడున్నా యాస మారలేదు. లోపలికి వెళ్ళగానే ఎలా ఉన్నావని అడిగేవారు కాదు.

"ఏమ్మా, ఏం దాస్తున్నావు?" అనేవారు.

బాగానే ఉందని చెబితే, ఆ మాట తన దగ్గర చెల్లదనేవారు. ఉంగరం తీసి చూపించమనేవారు. అది వేలికి పట్టేస్తే ఒళ్ళు నీరు పట్టిందని లెక్క. బీపీ మాత్రం తన పాత పాదరసం పరికరంతో తానే చూసేవారు, సిస్టర్ చూసినా సరే. వేరే చోట తీసిన స్కాన్ రిపోర్టు పక్కన పెట్టి మళ్ళీ తానే తీసేవారు. "కడుపులో పిల్లకి అబద్ధం రాదు, దాన్నే అడుగుదాం," అంటూ జెల్లీ రాసేవారు. ఒక్కోసారి ఉన్నట్టుండి ఇంటికి ఫోన్ చేసి నిన్న ఏం తిన్నానో నన్నడిగి, ఫోన్ మా అత్తమ్మకి ఇప్పించి అదే ప్రశ్న ఆమెను అడిగేవారు. రెండు జవాబులు కలవాలి. మిర్చి బజ్జీల దగ్గర నేను రెండుసార్లు దొరికిపోయాను.

బయట ఆమెకున్న పేరు వేరు. మా ఎల్బీనగర్ కాలనీలో ఆమెను కోతల డాక్టర్ అనేవాళ్ళు. నెలలు నిండనివ్వదట, చిన్న సాకు దొరికితే చాలు కోసి, పిల్లను అద్దాల పెట్టెలో పెట్టించి బిల్లు లాగుతుందట. నేను విననట్టే విని అన్నీ మనసులో రాసుకున్నాను. హాల్లో కూర్చున్నప్పుడు పక్కవాళ్ళను ఎన్నో నెలలో తీశారని అడిగేదాన్ని. ఎనిమిదో నెల అని ఎవరైనా అంటే లోపల ఒక టిక్కు పెట్టుకునేదాన్ని.

ఎనిమిదో నెల. ఆ మాట దగ్గరే నా కథంతా ఉంది. మా అత్తమ్మది నకిరేకల్ పక్కన ఊరు. ఏడో నెలలో పుట్టిన పిల్ల బతుకుతది, ఎనిమిదో నెలలో పుట్టింది బతకదు, మా ఊర్ల ఎన్ని చూడలేదు అని మొదటి నుంచీ చెబుతూ ఉండేది. లెక్కల టీచర్‌ని, అందులో తలాతోకా లేదని నాకు తెలుసు. ఇంకో నెల లోపలుంటే పిల్లకు బలమే కానీ నష్టమెట్లా అవుతుంది? కానీ ఒక బిడ్డను పోగొట్టుకున్నదానికి తెలిసినవేవీ అక్కరకు రావు. పోనీ, ఆమె మాటే నిజమైతే అనిపిస్తుంది. అంతే, అది చాలు.

బీపీ చూసుకునే డిజిటల్ మిషన్ ఒకటి కొనమన్నారు డాక్టరమ్మ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి నోట్‌బుక్‌లో రాయాలి. పై అంకె నూట యాభై దాటినా, కింది అంకె వంద దాటినా ఆ నిమిషమే ఫోన్ చెయ్యాలి. అవసరమైతే బిడ్డను ముందే తియ్యాల్సి వస్తుందని కూడా చెప్పారు.

ఎనిమిదో నెల పడిన వారానికి ఒక పొద్దున మిషన్ మీద నూట యాభై మూడు, నూట ఒకటి అని వచ్చింది. కాసేపు పడుకుని మళ్ళీ చూశాను. పెద్ద తేడా లేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఫోన్ చేస్తే రమ్మంటుంది, రమ్మంటే చేర్చుకుంటుంది, చేర్చుకుంటే కోస్తుంది. తొమ్మిదో నెల పడటానికి ఇంకా మూడు వారాలుంది. ఫోన్ పక్కన పెట్టి నోట్‌బుక్‌లో నూట ఇరవై ఎనిమిది, ఎనభై రెండు అని రాశాను.

ఆ తర్వాత రోజూ రాశాను. ఊరికే రాయలేదు. కాపీ పట్టుకునేదాన్ని కదా, దొరక్కుండా ఎట్లా రాయాలో నాకు తెలుసు. అంతకు ముందు నెలల్లో డాక్టరమ్మ బీపీ రాసి ఇంటికిచ్చిన చీటీలు తీసి చూసి, అదే తీరులో అంకెలు పేర్చాను. ఒక రోజు కాస్త ఎక్కువ, ఒక రోజు తక్కువ. వారం తర్వాత క్లినిక్‌లో ఆమె చూస్తే నూట నలభై రెండు వచ్చింది. మెట్లెక్కి వచ్చిన మేడం, ట్రాఫిక్‌ల గంట సేపు ఇరుక్కున్న అన్నాను. ఆమె నోట్‌బుక్ చూశారు, నన్ను చూశారు, సరేనని నేను వేసుకుంటున్న బీపీ మాత్ర డోసు పెంచి వారం తర్వాత రమ్మన్నారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మెట్లు దిగుతూ గెలిచాననుకున్నాను.

ఆ తర్వాతి వారం మా ఆయన, అత్తమ్మ కూడా వెంట వచ్చారు. డాక్టరమ్మ నోట్‌బుక్ తీసుకుని ఒక్కో పేజీ మీద వేలు పెట్టి చదివారు. వాళ్ళిద్దర్నీ బయట కూర్చోమని తలుపు వేయించారు.

"మీ ఇంట్లో మిషన్ అంకెలు చూపించేదే కదా? నాలాగా పాదరసంది కాదుగా?"

"అంకెలదే మేడం."

"మరి పదిహేను రోజులు, ముప్పైసార్లు చూశావు. ఒక్క బేసి అంకె కూడా రాలేదేంటి?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె తన పాత పరికరం నా ముందుకు జరిపి గీతలు చూపించారు. రెండేసి అంకెలకు ఒక గీత. దాంతో చూసినవాళ్ళు ఎప్పుడైనా సరి సంఖ్యే రాస్తారు. డిజిటల్ మిషన్‌కి ఆ పట్టింపు లేదు, నూట ఇరవై ఏడూ చూపిస్తుంది, ఎనభై మూడూ చూపిస్తుంది. నేను నా మిషన్‌ను కాకుండా ఆమె చీటీలను కాపీ కొట్టాను. లెక్కల టీచర్‌ని, సరి బేసి దగ్గర దొరికాను.

ఆమె తిట్టలేదు. బీపీ చూశారు. నూట అరవై ఎనిమిది, నూట పన్నెండు. ఎందుకు రాశావని అడిగారు. తొమ్మిదో నెల పడేదాక ఆగుదామని రాసిన, ఎనిమిదో నెల పిల్ల బతకదంటరు మేడం అని చెప్పాను. చెబుతుంటే నా మాట నాకే చిన్నపిల్ల మాటలా వినిపించింది.

"ఎనిమిదో నెల పిల్లల్ని ఈ చేతుల్తో తీశాను. ఇంటికి పంపించాను. నెల ఎవర్నీ చంపదమ్మా, ఆలస్యం చంపుతుంది. ఇంకేం దాచావో చెప్పు."

పొద్దుగాలటి సంది తలకాయ నొస్తున్నదని, కండ్ల ముందు మెరుపులొస్తున్నయని అప్పుడు చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేవడం అంత వేగంగా నేనెప్పుడూ చూడలేదు. తలుపు తెరిచి మా వాళ్ళను పిలిచారు.

"మీ ఇంట్లో మిషన్ పాడైందండి. తప్పు అంకెలు చూపిస్తోంది. ఈ పిల్లని ఇప్పుడే చేర్చాలి."

అత్తమ్మ ఎనిమిదో నెల మాట ఎత్తింది. ఇంకో పది రోజులు మందులతో నెట్టుకు రాలేరా అని బతిమాలింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, పది రోజులాగితే మీకు కోడలూ ఉండదు, మనవరాలో మనవడో ఆ బిడ్డా ఉండదు అని మెల్లగా చెప్పారు. గంటలో నేను ఎల్బీనగర్‌లో ఆమె ఆపరేషన్లు చేసే ఆస్పత్రిలో ఉన్నాను. ఫిట్స్ రాకుండా ఒక మందు, బిడ్డ ఊపిరితిత్తులకని రెండు ఇంజెక్షన్లు. మూడో రోజు పొద్దున పాపను తీశారు. కేజీ మూడు వందల గ్రాములు. ఏడుపు పిల్లికూన అరిచినట్టుంది కానీ, ఏడ్చింది.

ఇరవై తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉంది. రోజూ బాగుందని చెప్పేవాళ్ళు, నేను రోజూ నమ్మేదాన్ని కాదు. డాక్టరమ్మ వచ్చినప్పుడు తెర మీద అంకెలు చూడకుండా, వంగి నిలబడి పాప పొట్ట ఎగిరిపడటాన్ని తానే లెక్కపెట్టుకునేవారు. లెక్క పూర్తయ్యాక నా వైపు ఒకసారి తలూపేవారు. ఆ తలూపు ఒక్కటీ నమ్మేదాన్ని.

కానీ మిషన్ పాడైందని ఆమె చెప్పిన అబద్ధం మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఎవర్నీ నమ్మని మనిషి నా కోసం అబద్ధం ఎందుకాడింది? రేపెప్పుడో అడ్డం పెట్టుకోవడానికా అనుకున్నాను, నా బుద్ధి అంతే. ఇంతలో మా ఆయన ఆ మిషన్ పట్టుకుని షాపుకి పోయి గొడవ పెట్టుకుంటే, పాపం షాపతను మారుమాట లేకుండా కొత్తది ఇచ్చాడు. ఆ కంపెనీ మిషన్ కొనొద్దని అత్తమ్మ కాలనీ అంతా చెప్పింది. ప్రతి పుట్టినరోజుకీ పాపను తీసుకుని క్లినిక్‌కి వెళ్ళేవాళ్ళం. ఈసారి డాక్టరమ్మ మా వాళ్ళ ముందు నోరు జారతారేమోనని ప్రతిసారీ నాకు గుండెల్లో దడే. మూడో పుట్టినరోజున ఒంటరిగా దొరికితే అడిగేశాను, ఎందుకట్ల చెప్పిన్రు మేడం అని. నవ్వారు.

"మిషన్‌కి అత్తగారుండరు కదమ్మా," అన్నారు.

నిన్న క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. ఖాళీ చేస్తున్నారట, ఎవరి ఫైళ్ళు వాళ్ళు తీసుకుపొమ్మన్నారు. నేను వెళ్ళింది ఫైల్ మీద ప్రేమతో కాదు. నా దొంగతనం అందులో రాశారా లేదా చూసుకోవాలని. మెట్రో స్టేషన్ మెట్ల పక్కన నిలబడి ఆ రోజు పేజీ తీశాను. ఆమె చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు వాక్యాలున్నాయి. ఇంటి దగ్గర రాసిన బీపీలు నమ్మదగినవి కావు. తల్లి బాగా భయపడి ఉంది. కిందటి వారమే అనుమానం వచ్చింది, అడగకుండా పంపేశాను. తప్పు నాది.

ఆఖరి వాక్యం కింద గీత గీసి ఉంది. మెట్లు దిగుతూ నేను గెలిచాననుకున్న రోజును ఆమె తన తప్పుగా రాసుకున్నారు. ఇన్నేళ్ళూ ఆ గదిలో దడ నా ఒక్కదానికే అనుకున్నాను. అక్కడే నిలబడి ఏడ్చాను. జనం చూస్తే చూడనీ అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో కూర్చుని, బడి నుంచి వచ్చిన పాపకు జడ వేస్తోంది. రెండో తరగతి చదువుతున్న నా బిడ్డకు నడుము దాకా జుట్టు. ఎదురుగా కూర్చుని ఆ పేజీ తెలుగులో చదివి వినిపించాను. నోట్‌బుక్ సంగతి మొదటి నుంచి చెప్పాను.

"అంటే మిషన్ మంచిదేనా?"

"మంచిదే అత్తమ్మా."

ఆమె ఇంకో రెండు పాయలు అల్లింది.

"ఎనిమిదో నెల అని నేను అన్నందుకా బిడ్డా?"

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా.

"అవును అత్తమ్మా," అన్నాను.

ఆమె చేతులు జుట్టులోనే ఆగిపోయాయి. ఇంకెంతసేపు నానమ్మా అని పాప విసుక్కుంది. ఆమె సగం అల్లిన జడ మొత్తం విప్పి, పాప తలను రెండు చేతులతో నెమ్మదిగా తన వైపు వంచుకుని, మళ్ళీ పాపిట దగ్గర నుంచి దువ్వడం మొదలుపెట్టింది.