దారి చెప్పని బుధవారం

ఓరియంటీరింగ్ అంటే మా ఏలూరులో చాలామందికి నోరు తిరగదు. మ్యాపు, దిక్సూచి పట్టుకుని, అక్కడక్కడా కట్టిన జెండాల్ని వెతుక్కుంటూ పరిగెత్తే ఆటండీ అని చెప్తే, "ఎవర్నడిగినా దారి చెప్తారు కదండీ, ఆ తిప్పలెందుకు?" అంటారు. అడగకూడదు, అదే ఆట అంటే నన్ను వింతగా చూస్తారు.

భీమడోలు దాటాక, తన చేపల చెరువు గట్లు వాడుకోమన్నాడొక రైతు. ప్రతి బుధవారం సాయంత్రం అక్కడే నేను నడిపే క్లబ్బు ప్రాక్టీసు. ఎన్నాళ్ళైనా వచ్చేది అదే నలుగురం. విసుగొచ్చేసింది. ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి కొందరు కాలేజీ అమ్మాయిలు చూసిపోతామన్నారు. వీళ్ళు కూడా నిలవకపోతే క్లబ్బు మూసేస్తానని మా ఆయనతో చెప్పి మరీ బయల్దేరాను.

మధ్యాహ్నమే జెండాలు కట్టొచ్చాను. అమ్మాయిలు రైలు దిగి వచ్చారు, మ్యాపులు తీసుకుని పరిగెత్తారు, కాసేపటికి ఉసూరుమంటూ వెనక్కొచ్చారు. ఒక్క జెండా కూడా దొరకలేదట! వెళ్ళి చూద్దును కదా, జెండాలన్నీ మోటారు షెడ్డుకి వరసగా కట్టున్నాయి. పక్కన ముఖం వెలిగిపోతూ చెరువు రైతు.

"పాపం, వారం వారం ఎండలో పడి వెతుక్కుంటున్నారు కదండీ. అన్నీ ఒకచోట కట్టించేశానండీ. మా ఆవిడ మజ్జిగ కూడా కలిపిందండీ."

ఒళ్ళు మండిపోయింది. "ఏవండీ, మిమ్మల్నెవరు కట్టమన్నారండీ!" అని అరిచేశాను. కోపమొచ్చినా 'అండీ' వదలదు నన్ను, ఏం చెయ్యను! అమ్మాయిలు ఒకటే నవ్వు. మజ్జిగ తాగుతూ ఆటంతా వాళ్ళే చెప్తుంటే ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన భార్య మాత్రం మ్యాపుని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకూ ఒకటిస్తారాండీ? పెళ్ళైన దగ్గర్నుంచీ ఎక్కడికెళ్ళినా ఈయన బండి వెనకాలే" అంది.

ఆ పై బుధవారం అమ్మాయిలు ఇంకో ఇద్దర్ని వెంటేసుకొచ్చారు. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని బయల్దేరింది. రెండు గట్లు కలిసేచోట ఆగి మొగుడి వైపు చూసింది. దారి తెలిసీ చెప్పకుండా ఉండటం మా వైపు మనిషికి ఎంత కష్టమో! ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ తప్పు గట్టు ఎక్కింది. మళ్ళీ వెనక్కొచ్చి మ్యాపు చూసుకుని, రెండో గట్టు పట్టుకుంది. కాసేపటికి అవతల రెల్లు పొదల్లోంచి కేక. "దొరికిందండోయ్!"

ఆయన నోటి మీది తువ్వాలు కళ్ళ మీదికి జరిగింది. నాకూ ఏడుపొచ్చింది. అక్కణ్ణుంచే మా ఆయనకి ఫోన్ చేసి, "మూసెయ్యడం లేదండీ" అన్నాను.