ఎనిమిది నెలలు మింగిన మందు

మా ఆయన పీల్చాల్సిన మందును ఎనిమిది నెలలు మింగాడు. మింగించింది నేనే. పొద్దున ఒకటి, పొద్దుగూకాక ఒకటి, అంబలితో. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు.

మాది బాసగూడ వైపు ఊరు. చేను పండక ఇనుప గనికి పోయాం. ఆయన రాయి నలిపే మిషను దగ్గర పని గుత్తకు పట్టిన ఠేకాదారు కింద కూలి, నేను జల్లెడ పట్టేదాన్ని. అన్నంలో ఎర్ర దుమ్ము, పాలు తాగే పిల్ల నోట్లో ఎర్ర దుమ్ము. పదిహేనేళ్ళు గడిచేసరికి ఆయన గుడిసె నుంచి బోరింగు దాకా పోవడానికి మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చేది. ఇక పనికిరాడని ఠేకాదారు తీసేశాడు.

గని దవాఖానాలో ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. భాష అడ్డమొచ్చిందని అనడానికి లేదు. ఆయనదీ తెలుగే, కోస్తా తెలుగు. చొక్కా మీదనుంచే గొట్టం ఆనించి, మా ఆయన రెండో ఊపిరి తీసేలోపే చీటీ రాసేశాడు. ఏం పని చేశావని అడగలేదు. బీడీ తాగుతావా అని అడగలేదు. మందుల కిటికీ దగ్గర కాంపౌండరు వేలిముద్ర వేయించుకుని, ఒక డబ్బా క్యాప్సూళ్ళు, బూరలాంటి ఒక ప్లాస్టిక్ పీక చేతిలో పెట్టాడు.

"రోజుకి రెండు. పదండి."

"గీ పీక ఏందయ్యా?" అని అడిగాను.

"దాంతోపాటే వచ్చిందమ్మా, ఉంచుకో. వెనకాల జనం కనపళ్ళేదా?"

క్యాప్సూల్ అంటే మాకు మింగేదే. జ్వరానికి ఇచ్చినవీ, చీముకు ఇచ్చినవీ అన్నీ మింగినవే. పీకను మాత్రం మా ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని వెనక చిన్న బొక్క. క్యాప్సూల్ పెట్టేందుకని ఇప్పుడు తెలుసు. తునికాకు బీడీ అందులో కొలిచినట్టు పట్టింది.

"చూసినవే? పెదవి కాలదు. ఆఫీసర్ల లెక్క తాగుతున్న."

"ఆఫీసరు ముఖమే నీది," అన్నాను. నవ్వాను కూడా.

డబ్బా మీద 'మింగకూడదు' అని హిందీలో రాసి ఉంటుంది. ఆయన పోయాక, యాభై దాటి అక్షరాలు నేర్చుకున్నాక అది చదివాను. "రాసే ఉంది కదమ్మా" అన్నాడు, ఇదంతా విన్న చదువుకున్నాయన ఒకడు. ఎవరికోసం రాశారయ్యా? మా గుడిసెల వరసలో అప్పుడు అక్షరం ముక్క వచ్చినవాడు లేడు. డబ్బా ఇచ్చినవాడికి ఆ సంగతి తెలుసు. మా బొటనవేలికి సిరా పూసింది వాడే.

నెలనెలా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

"వాడుతున్నావా?"

"వాడుతున్న సారు."

"ఎలా ఉంది?"

"అట్లనే ఉంది సారు."

రాసిందే మళ్ళీ రాసేవాడు. దమ్ము మరీ ఎక్కువైతే ఒక సూది.

ఎనిమిదో నెల వెళ్ళేసరికి పెద్ద డాక్టరు పక్కన కొత్త డాక్టరమ్మ కూర్చుని ఉంది. రాయపూర్ నుంచి వచ్చిన చిన్నపిల్ల. "బాబా, మందు ఎలా తీసుకుంటారో నా ముందు తీసుకుని చూపించండి," అని హిందీలో అడిగింది. గనిలో ఉండి ఉండి ఆ మాటలు మాకూ తెలుస్తాయి. అన్ని నెలల్లో ఎవరి నోటా రాని మాట అది. మా ఆయన క్యాప్సూల్ నోట్లో వేసుకుని నీళ్ళడిగాడు.

"మరి పీక ఏది?"

రొంటినుంచి తీసి ఇచ్చాడు. లోపలంతా పొగచూరి నల్లగా ఉంది. కాంపౌండరు గోడ పట్టుకుని నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. సొరుగులోంచి కాగితాల కట్ట తీసి పెద్ద డాక్టరు ముందు పెట్టి, ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చదివింది. ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బుకు డాక్టర్లు చేయాల్సిన పద్ధతి అట. ఊదించి కొలవాలి. బీడీ మాన్పించాలి. మందు ఎలా పీల్చాలో చూపించి ఇవ్వాలి. వచ్చినప్పుడల్లా మళ్ళీ చేయించి చూడాలి.

"ఇవన్నీ పట్నాల్లో నడుస్తాయి మేడమ్. ఈ అడివి జనానికి ఎంత చెప్పినా ఎక్కదు," అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. "ఎప్పుడు చెప్పినవ్ సారూ? ఇప్పుడు చూపియ్యి. ఎక్కుతదో ఎక్కదో నేను చెప్త."

పెద్ద డాక్టరు ముఖం ఎర్రబడింది. కొత్త పీక తెప్పించాడు. క్యాప్సూల్ పెట్టాడు, తిప్పాడు, నోటికి ఆనించుకున్నాడు. ఊదాడు. తెల్లపొడి బల్ల మీద, చీటీల మీద, ఆయన చొక్కా మీద పడింది.

"సర్, పీల్చాలి," అంది ఆ పిల్ల తల దించుకుని.

తరవాత తనే నేర్పింది. మూలన గుడ్డ కప్పి ఉన్న ఊపిరి కొలిచే మిషను తెరిచి మా ఆయనతో ఊదించింది. ఊపిరి సగానికి పైగా పోయింది, పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలుపుకోవచ్చు అంది. ఎనిమిది నెలల కింద ఎంత ఉండేదని అడిగాను. అప్పుడు కొలవలేదు కదమ్మా, ఎలా చెప్పను అంది.

ఇంటికి వస్తుంటే మా ఆయనకు నవ్వు ఆగలేదు. "ఊదిండే! డాక్టరే ఊదిండే!" నవ్వీ నవ్వీ దమ్ము తన్నుకొచ్చి రోడ్డు పక్కన కూలబడ్డాడు. వీపు రుద్దాను. ఊపిరి చిక్కాక, "పోనీయే, ఆయనకు గూడ ఎవరూ చూపియ్యలే," అన్నాడు.

మా ఆయన అలా వదిలేయగలిగాడు. బీడీ మానాడు, మందు సరిగ్గా పీల్చాడు, రెండు వానాకాలాలు కాస్త నెమ్మదిగా ఉన్నాడు. మూడోది చూడలేదు. మొదటి రోజే చూపించి ఉంటే ఇంకెన్ని చూసేవాడో, ఆ లెక్క చెప్పేవాడు లేడు. పెద్ద డాక్టరు రిటైరైన రోజు దండలు వేసి జీపెక్కించారు. జల్లెడ పనివాళ్ళందరం దారి పక్కన నిలబడి దండం పెట్టాలన్నాడు ఠేకాదారు. నిలబడ్డాను. చేతులు ఎత్తలేదు.